ప్రవరుడు అడగని ప్రశ్న

మూడేండ్ల క్రిందటి మాట. తరగతిలో మనుచరిత్రం చెబుతున్నాను. సిద్ధుడిచ్చిన పసరును పాదాలకు పూసుకొని ప్రవరుడు హిమాలయానికి వెళ్లాడు. కొండల సొగసు చూచి మైమరచాడు. ఇక ఇంటికి మరలుదామని అనుకొనేసరికి మంచుకు పసరు కరిగిపోయి ఉన్నది. అడుగు పైకి లేవదు. పెద్దనగారి కల్పనా చాతుర్యాన్ని గూర్చి, ప్రవరుని నిష్ఠను గూర్చి, రాబోయే వరూధినీ ఘట్టాన్ని గూర్చి నేను ఉత్సాహంగా ఉపన్యసిస్తూ ఉండగా వెనుక బల్ల నుంచి ఒక కుర్రవాడు లేచాడు.

"సార్, ఆ పసరు ఎంతసేపు పనిచేస్తదో సిద్ధుణ్ణి ముందుగాల అడగలేదా? తిరిగొచ్చేటందుకు సరిపోను వెంట తీస్కపోలేదా?"

తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను. "కావ్యంలో పెట్రోలు లెక్కలు అడగరాదు నాయనా, కూర్చో" అన్నాను. కూర్చున్నాడు. ఆ తరువాత రెండు సంవత్సరాలలో అతడు నా తరగతిలో మరొక ప్రశ్న అడగలేదు.

ఆ నవ్వు నవ్వవలసింది కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక వేసవిలో మా ఇంటి బోరు మోటారు కాలిపోతే దానిని పట్టుకొని ఊళ్లో రీవైండింగ్ దుకాణానికి వెళ్లాను. దుకాణం ఆ కుర్రవాని తండ్రిది. కుర్రవాడు మోచేతుల దాకా గ్రీజుతో రాగి తీగ చుడుతున్నాడు. గోడ మీద దేవుని పటం ప్రక్కన ఒక చిన్న విమానం బొమ్మ అతికించి ఉన్నది. అదేమిటని అడిగాను. "కిట్ విమానం సార్. డబ్బాలల్ల సామాను వస్తది. ఇంట్లనే కట్టుకుంటరు. ఇంజను గూడ మనమే బిగించుకోవాలె" అన్నాడు. విమానాలంటే మహానగరాలలో మహా కర్మాగారాలలో పుట్టేవని అనుకొంటూ యాభై ఏండ్లు దాటిన నేను ఆ మాటకు ఆశ్చర్యపోయాను. ఆనాటి నుంచి ఈ విషయం గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివినకొద్దీ ఆ కుర్రవాడు తరగతిలో వేసిన ప్రశ్న ఎంత విలువైనదో తెలిసివచ్చింది. ఉపాధ్యాయ సోదరులకు, విద్యార్థులకు ఆ సంగతి మనవి చేయటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కిట్ విమానమంటే బొమ్మ విమానం కాదు. ఒకరిద్దరు, ఎక్కువైతే నలుగురు కూర్చొని నిజంగా ఎగరగలిగినది. పలుచని అల్యూమినియం రేకులు, గొట్టాలు, రెక్కల లోపలి ఎముకల వంటి పక్కలు, వేలాది రివెట్లు, నట్లు, బోల్టులు, వాటితోపాటు లావుపాటి చిత్రపటాల పుస్తకం పెట్టెలలో వస్తాయి. కట్టేవాడు నెలల తరబడి, తరచు సంవత్సరాల తరబడి, సాయంకాలాలలోను సెలవు దినాలలోను కూర్చొని దానిని కడతాడు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని జెనిత్ అనే సంస్థవారు, కొనదలచినవారు ముందుగా తమ దగ్గరకు వచ్చి రెండు రోజులలో చుక్కాని ఒక్కటి చేసి చూచుకోవటానికి ఏర్పాటు చేశారు. చుక్కాని చేతికి వచ్చినవానికి మిగిలిన విమానం కూడ అదే పని, మరికొంత పెద్దది మాత్రమే. ఓనమాలు దిద్దించి కావ్యానికి తీసుకొనిపోయే మన పాత పద్ధతికి ఇది ఎంత దగ్గర!

ఈ విద్య మనకు పొరుగున లేనిది కూడ కాదు. బెంగళూరులో జోయెల్ కెక్లాన్ అనే ఫ్రెంచి దేశస్థుడు స్థాపించిన రాజ్‌హంస సంస్థ ఎక్స్-ఎయిర్ అనే రెండు ఆసనాల తేలిక విమానాన్ని కిట్‌గా తయారుచేసి విదేశాలకు పంపింది. గొట్టాల చట్రం, దాని మీద గుడ్డ తొడుగు. బ్రిటనులోను ఫ్రాన్సులోను ఉద్యోగస్థులు, వృత్తిపనివారు తమ కొట్టాలలో వాటిని బిగించుకొని ఎగిరారు. మన దక్షిణాపథంలో కోసిన గొట్టం, మన దగ్గర కుట్టిన గుడ్డ పరదేశంలో ఒక సామాన్యునికి రెక్కలైనాయి. గొల్లభామను చీర మీదకు ఎక్కించిన మన సిద్దిపేట నేతగానికి రెక్కకు గుడ్డ బిగించటం చేతకాని పని అని ఎవరనగలరు? మరి మన సామాన్యుడు దానిని కట్టుకోవాలని ఎందుకు అనుకోలేదు? డబ్బు లేమి ఒక కారణం, నిజమే. నియమాల చిక్కు మరొక కారణం. ఈ రెండింటికంటె లోతైన కారణం మన తరగతి గదులలో ఉన్నదని నా అభిప్రాయం.

మన విమానాల పేర్లు చూడండి. హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌గా నేడు మనం ఎరిగిన బెంగళూరు కర్మాగారంలో 1958లో తొలిసారి ఎగిరిన చిన్న విమానం పేరు పుష్పక్. దేశంలోని విమాన శిక్షణ క్లబ్బులకు నూట అరవై వరకు కట్టి ఇచ్చారు. ఆ నగరంలోనే జాతీయ వైమానిక ప్రయోగశాల శిక్షణ కోసం రూపొందించిన విమానం పేరు హంస. దాని కొత్త రూపం 2021 సెప్టెంబరు 3న మొదటిసారి ఎగిరింది. ఇక రాజ్‌హంస సంగతి చెప్పనే చెప్పాను. పుష్పకం, హంస, రాజహంస: మూడూ మన కావ్యాలలోనివే. కాని పుష్పక్ ప్రధానంగా ఎగిరినది అమెరికా కాంటినెంటల్ ఇంజనుతో. హంస ఎగురుతున్నది ఆస్ట్రియా దేశపు రోటాక్స్ ఇంజనుతో. ఎక్స్-ఎయిరుకు రోటాక్స్ గాని, ఆస్ట్రేలియా జబిరు గాని అమర్చేవారు. పేరు పెట్టవలసి వచ్చినప్పుడు మనం కావ్యాలు తిరగవేశాం. ఇంజను కావలసి వచ్చినప్పుడు ఓడరేవు వైపు చూశాం. పరదేశపు ఇంజను కొనటం నేరమని నేను అనను. ఏ దేశమూ అన్నీ తానే చేసుకోలేదు. పేరును ప్రేమించినంతగా ఇంజనును ప్రేమించటం మన పిల్లలకు నేర్పలేదన్నదే నా బాధ. ఆ లోపంలో నా వంటి తెలుగు ఉపన్యాసకుని పాలు తక్కువేమీ కాదు.

ఇంజను అమర్చటంలో ఎంత విద్య ఉన్నదో తెలిస్తే ఈ బాధ మరికొంత స్పష్టమవుతుంది. నేడు కిట్ విమానాలలో విరివిగా కనిపించే రోటాక్స్ 912 వరుసలో ఒక ఇంజను 100 అశ్వశక్తి ఇస్తుంది. నాలుగు సిలిండర్లు. నిమిషానికి 5,800 చుట్లు తిరుగుతుంది. ప్రొపెల్లరును అంత వేగంతో తిప్పితే దాని కొసలు శబ్దవేగాన్ని సమీపించి, గాలిని నెట్టటం మాని రొద చేయటం మొదలుపెడతాయి. అందుకని మధ్యలో పళ్లచక్రాల పెట్టె పెట్టి వేగాన్ని 2.43వ వంతుకు తగ్గిస్తారు. అంటే ప్రొపెల్లరు నిమిషానికి సుమారు 2,390 చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, రెండు వేరువేరు విద్యుత్ మార్గాలు. ఒకటి చెడినా రెండవది దింపుతుంది. బోల్టు బిగించిన తరువాత అది అదురుకు వదులు కాకుండా సన్నని తీగతో కట్టి ముడివేస్తారు. ఇంజను నడపబోయే ముందు, నూనె మట్టం చూచుకోవటానికి ప్రొపెల్లరును చేతితో నెమ్మదిగా తిప్పుతూ, నూనె డబ్బాలో గుడగుడమనే చప్పుడు వినబడేదాకా ఆగాలి. ఇంజను అడుగున నిలిచిన నూనె తిరిగి డబ్బాకు వచ్చిందని ఆ చప్పుడు సాక్ష్యం చెబుతుంది. "మోటరు మంచిదో చెడ్డదో ముందు చెవికే తెలుస్తది సార్" అని దుకాణంలో ఆ తండ్రి నాతో అన్న మాట, ఈ సంగతి చదివినప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఛందస్సు కూడ ముందు చెవికే తెలుస్తుంది కదా!

ఇక పసరు సంగతి. విమానం నేల విడిచే ముందు, ముక్కు పైకెత్తిన భంగిమలో కూడ ఇంజనుకు చాలినంత ఇంధనం అందుతున్నదా అని గొట్టం విప్పి, పాత్రలో పట్టి, గడియారం పెట్టి కొలుస్తారు. అవసరమైనదానికంటె ఎక్కువగా రావాలే గాని సరికి సరి చాలదు. పగటివేళ కంటిచూపును నమ్మి నడిపే విమానంలో, గమ్యం చేరిన తరువాత ఇంకా అరగంట ఎగరటానికి చాలినంత మిగిలేటట్లు చూచుకొని బయలుదేరాలన్నది అమెరికా నియమం. పసరులో ఏముందో కూడ చూడాలి. ఈ ఇంజనుల తయారీదారులు పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాలును అనుమతించారు. మన బంకులలో నేడు వచ్చేది 20 శాతం కలిపినది. కనుక సిద్దిపేట బంకులో పట్టినదల్లా విమానానికి పనికిరాదు.

అన్నింటికంటె విచిత్రమైనది మంచు. కార్బురేటరులో పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకొంటుంది. గాలిలో తేమ ఉన్నట్లయితే, బయట 20 డిగ్రీల వెచ్చదనం ఉన్నా లోపల మంచు గడ్డకట్టి దారి మూసివేస్తుంది, ఇంజను ఆగిపోతుంది. మంచు వల్ల పసరు పోయి ప్రవరుడు నిలిచిపోయినాడని నాలుగు వందల సంవత్సరాలకు పూర్వమే పెద్దన వ్రాశాడు. ఆయనకు కార్బురేటరు తెలుసునని నేను అనటం లేదు. అట్లా అనేవారు మనలో ఉన్నారు గనుక ముందే చెబుతున్నాను.

ఆ ధోరణిని గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన పూర్వులకు సర్వమూ తెలుసునని, విమాన నిర్మాణం సంస్కృత గ్రంథంలో ఉన్నదని చాటేవారు ఉన్నారు. వైమానిక శాస్త్రమనే ఆ గ్రంథాన్ని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పండితులు 1974లో పరిశీలించి, అది ప్రాచీనం కాదని, ఇరవయ్యవ శతాబ్దం తొలినాళ్లలో చెప్పి వ్రాయించినదని, అందులోని విమానాలు ఎగరజాలవని తేల్చారు. పుష్పకాన్ని విశ్వకర్మ చేశాడని రామాయణం చెబుతుంది. యజమాని మనసును బట్టి అది నడిచేదని చెబుతుంది. అది మహాకవి భావన. ఆ భావనను భావనగా ఆరాధించటం సాహిత్యం. దానిని ఇంజనని నమ్మించటం సాహిత్యానికీ అపచారమే, ఇంజనుకూ అపచారమే. నేను చేసిన తప్పు దీనికి తోబుట్టువు. వారు కావ్యంలో లేని ఇంజనును ఉన్నదన్నారు. నేను కావ్యం ముందు ఇంజను మాట ఎత్తరాదన్నాను. ఇద్దరమూ కలిసి కుర్రవాని ప్రశ్నను నొక్కివేసినవారమే.

రైట్ సోదరుల కథ మన పాఠ్యపుస్తకాలలో ఉన్నది. 1903 డిసెంబరు 17న 12 సెకన్లు, 120 అడుగులు. ఆ అంకెలు పిల్లలకు కంఠస్థం. కాని ఆ ఇంజను సంగతి ఎందరు చెబుతున్నారు? గాలిలో అదుపు తప్పకుండా తేలటం 1902 నాటి గ్లైడరుతోనే వారికి పట్టుబడింది. తేలికగా ఉండి బలంగా ఉండే ఇంజను కోసం కంపెనీలకు ఉత్తరాలు వ్రాశారు, కావలసినది దొరకలేదు. అప్పుడు వారి సైకిలు దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్కు సుమారు ఆరు వారాలలో 12 అశ్వశక్తుల ఇంజనును చేసి ఇచ్చాడు. సైకిలు దుకాణపు మెకానిక్కు! మన సిద్దిపేటలో అటువంటివారు వీధికి ఒకరున్నారు. మనం వారి దగ్గర పంక్చరు వేయించుకొంటాం. పిల్లవాడు చదవకపోతే "ఆ దుకాణంలో పానా పట్టుకోవలసి వస్తుంది" అని వారిని చూపించి బెదిరిస్తాం.

ఎదురు వాదం నాకు తెలియనిది కాదు. విమానం ఆటవస్తువు కాదు, పిల్లలకు ఈ పిచ్చి ఎక్కిస్తే ప్రాణాల మీదికి వస్తుందని పెద్దలు అంటారు. నిజమే. 1930 తరువాత ఫ్రాన్సులో ఆంరీ మిన్యే అనే ఆయన ఎవరికి వారు ఇంట్లో చేసుకోగల చిన్న విమానాన్ని రూపొందించి, చేసే విధానాన్ని పుస్తకంగా ప్రకటించాడు. ఐరోపా అంతటా వందల మంది కట్టారు. 1935, 36లలో వరుసగా ప్రమాదాలు జరిగి కొందరు మరణించారు. పెద్ద గాలిసొరంగాలలో పరీక్షించగా, ముక్కు బాగా కిందికి వాలినప్పుడు ముందు రెక్క, వెనుక రెక్క ఒకదానినొకటి ప్రభావితం చేసి విమానాన్ని మళ్లీ పైకి లేవనీయటం లేదని తెలిసింది. ఉత్సాహం ఉన్నది, చేతిపని ఉన్నది. అడగవలసిన ఒక ప్రశ్న మాత్రం ముందుగా అడగబడలేదు.

మన ఎండలే ఒక ప్రశ్న. సిద్దిపేట సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్నది. మే నెలలో 42 డిగ్రీల ఎండలో గాలి పలుచబడి, విమానానికి తాను సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నట్లే తోస్తుంది. 100 అశ్వశక్తుల సాధారణ ఇంజను ఆ గాలిలో 85కు మించి ఇవ్వదు. రెక్కకూ పట్టు తగ్గుతుంది, పరుగు పొడవవుతుంది. బరువు తూకమూ అటువంటిదే. మూడు చక్రాల కింద మూడు త్రాసులు పెట్టి, బరువు ఎక్కడ కేంద్రీకరించిందో లెక్క కడతారు. కావడి మోసేవానికి ఈ లెక్క భుజానికే తెలుసు. విమానం కట్టేవానికి కాగితం మీద తెలియాలి. ఇవన్నీ మన ఉన్నత పాఠశాలల లెక్కలే, మన భౌతిక శాస్త్రమే. తేడా ఒక్కటే. పరీక్షలో తప్పితే మార్కు పోతుంది, ఇక్కడ తప్పితే మనిషి పోతాడు. అందువల్లనే ఈ విద్యలో ప్రశ్న అడిగినవానిని చూచి ఎవరూ నవ్వరు.

ఈ నిర్మాణాన్ని విద్య అని నేను ఊరికే అనటం లేదు. అమెరికా విమానయాన నియమాలలో ఇట్లా ఇంట్లో కట్టిన విమానానికి ప్రత్యేకమైన తరగతి ఉన్నది. ప్రధాన భాగాన్ని కట్టుకొనేవారే చేసి ఉండాలి. అదీ కేవలం స్వీయ విద్య కోసమో వినోదం కోసమో చేసి ఉండాలని అందులో షరతు. విమానం కట్టటాన్ని ఒక ప్రభుత్వం చట్టంలోనే చదువుగా గుర్తించింది! మన దేశంలో దారి ఇంకా ఇరుకు. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్ తన సొంత నమూనాతో ఇంటి డాబా మీద ఆరు ఆసనాల విమానం కట్టి, 2016లో జరిగిన మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనకు తెచ్చారు. దానికి నమోదు పత్రం 2017లో గాని రాలేదు. భద్రత కోసం అధికారులు జాగ్రత్త పడవలసిందే. కాని కట్టేవానిని అనుమానితునిగా గాక విద్యార్థిగా చూచే నియమం మనకూ కావాలి.

2019లో దక్షిణాఫ్రికాలో ఇరవై మంది బాలబాలికలు మూడు వారాలలో నాలుగు ఆసనాల స్లింగ్ కిట్ విమానాన్ని బిగించారు. దానిలో కొందరు యువ పైలట్లు కేప్‌టౌన్ నుంచి కైరో దాకా ఆ ఖండం పొడవునా ప్రయాణించారు. నిపుణుల పర్యవేక్షణ ఉన్నది, వెంట తోడు విమానం ఉన్నది. అయినా రివెట్లు వేసిన చేతులు పిల్లలవే.

మన పాఠశాలలు రేపే విమానాలు కట్టాలని నేను చెప్పటం లేదు. జీతాలు, గదులు, ప్రయోగశాలలు ఎట్లా ఉన్నాయో నేనూ ఎరుగుదును. నా మనవి చిన్నది. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక బల్ల వేయండి. దాని మీద ఊళ్లో మూలపడిన ఒక మోపెడు ఇంజను పెట్టండి. వారానికి ఒక పూట ఊరి మెకానిక్కును పిలిచి, ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, పిల్లల చేత ఆయనను "సార్" అనిపించండి. ఇంజను విప్పనీయండి, మరల బిగించనీయండి. చివరికి రెండు మరలు మిగిలితే, అవి ఎక్కడివో తెలిసేదాకా మళ్లీ విప్పనీయండి. సిద్దిపేట నుంచి సికింద్రాబాదుకు పోయే రాజీవ్ రహదారి మీద హకీంపేట వైమానిక స్థావరం దగ్గరకు వచ్చేసరికి బస్సులోని పిల్లలందరూ కిటికీల దగ్గరకు జరుగుతారు. ఆ మెడ చాపటంలో ఉన్న ఆశకు మనం తరగతిలో ఒక బల్లంత చోటు ఇవ్వలేమా?

ఈ సంవత్సరం మళ్లీ మనుచరిత్రం వచ్చింది. పసరు కరిగిన చోట ఆగి, ఆనాటి కుర్రవాని ప్రశ్నను నేనే తరగతిని అడిగాను: ప్రవరుడు బయలుదేరే ముందు సిద్ధుణ్ణి ఏమేమి అడిగి ఉండవలసింది? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక్కొక్కరే లేచారు. ఎంతసేపు పనిచేస్తుంది? నీళ్లలో తడిస్తే? మంచు తగిలితే? రెండవ మోతాదు ఉన్నదా? నల్లబల్ల నిండిపోయింది. చివరకు ఒక అమ్మాయి, "ఇవన్నీ అడిగితే వరూధిని కథనే ఉండదు గద సార్" అన్నది. ఆ మాటకు అందరం మనసారా నవ్వుకొన్నాం. పెద్దన నిర్మాణ రహస్యాన్ని ఇంత సూటిగా నేను ఏనాడూ చెప్పలేకపోయాను.

ఆ సాయంకాలం రీవైండింగ్ దుకాణానికి వెళ్లాను. కుర్రవాడు ఇప్పుడు చదువు ముగించి తండ్రితోనే పనిచేస్తున్నాడు. "ప్రవరుడు అడగలేదు నాయనా. అడగవలసింది. ఆనాడు నీకు ఈ మాట చెప్పవలసింది" అన్నాను. అతడు చేతిలోని పానా క్రింద పెట్టి, కొంచెం సిగ్గుపడి, నాకు కుర్చీ వేశాడు. తరువాత గోడ మీది బొమ్మ వైపు చూపించి, ఆ ఇంజనుకు నీళ్ల చల్లదనం తలల వరకే ఎందుకు పెట్టారో, సిలిండర్లకు గాలి చల్లదనం ఎందుకు చాలుతుందో చెప్పటం మొదలుపెట్టాడు. నేను కూర్చొని విన్నాను.